రెండో గాడి ఖాళీ

పొద్దున్నే కురిసిన వాన ఇకేజా సందుల్లో ఇంకా ఇంకలేదు.
మొరెనికే చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది.
ల్యాప్‌టాప్ మాత్రం తలగుడ్డలో చుట్టి
చంటిదాన్లా చంకన.

"ఆరువందల మంది పెళ్లి," అంది, కూర్చోకుండానే.
"పెళ్లికూతురి మీద నోట్లు చల్లే చోటికి రాగానే
బొమ్మ బిగుసుకుపోతుంది.
వెయ్యి నైరాల నోటు గాల్లోనే,
మేనమామ తెరిచిన నోరు తెరిచినట్టే."

అడుగు మూత విప్పాను. పదకొండు మరలు.
పన్నెండోది ఇదివరకే ఏ చెయ్యో మింగేసింది.
లోపల దుమ్ము, ఎండిన చీమ,
ఎనిమిది జీబీల పాత ముక్క ఒకటి.
దాని పక్కన
రెండో గాడి ఖాళీ.

ఆమె దగ్గర డబ్బు ఒక్క ముక్కకే ఉంది.
అద్దాల పెట్టెలోంచి రెండు తీసి బల్ల మీద పెట్టాను.
ఒకటి ఎనిమిది, వేగం మూడువేల రెండువందలు.
ఒకటి పదహారు, వేగం పాతదానిలాగే రెండువేల నాలుగువందలు.
రెండూ వేలెడంతే. ధరా ఒకటే.

"ఇది ఉరుకుతుందక్కా," అన్నాడు జిమో,
నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు.
వాడికి పద్దెనిమిదేళ్లు. వాడికన్నీ ఉరకాలి.

నేను మా అమ్మ సంగతి చెప్పాను.
ముషిన్‌లో బట్టలు కుట్టేది. బల్ల ఇంతే, మూరెడు.
చెయ్యి కత్తిరించి, మడిచి, మంచం కిందికి తోసి,
కాలరు బయటికి లాగి,
మళ్లీ చెయ్యి కావాలంటే మళ్లీ మంచం కిందికి వంగి.
కత్తెర గాలిలా ఆడేది.
పొద్దంతా వంగడానికే పోయేది.

"ఇంకో మాట," అన్నాను,
"పాతదాని పక్కన పెడితే ఈ ఉరికేదీ పాతదాని నడకే నడుస్తుంది.
ఒకే కాడికి కట్టాక
గుర్రానికైనా ఎద్దు అడుగే."

"మరి దాని వేగం ఏమవుతుంది?" జిమో గొంతులో కోపం.
"ఏమీ అవదురా. దాన్లోనే ఉంటుంది.
ఎవరూ అడగరు, అంతే."

మొరెనికే రెండిటినీ చెరో అరచేతిలో వేసుకుని
బొబ్బర్లు తూచినట్టు తూచింది.
"నిలబడి నీళ్లు తాగే రకం కాదు నేను," అంది.
"మంగళవారం ఇచ్చెయ్యాలి. నాకు పాలే కావాలి, పరిగెత్తయినా."
"బిందె పెద్దదైతే," అన్నాను, "అన్నిసార్లు పరిగెత్తక్కర్లేదు."

పదహారుని గాడిలో పెట్టి నొక్కాను. టిక్కుమంది.
పెళ్లి తెరుచుకుంది.
నోటు కిందికి దిగింది. మేనమామ నోరు మూశాడు.
వెనక నీలం తలపాగాల పిన్నులు, అత్తలు,
డోలువాడి చెమట,
ఒక్కరూ ఆగకుండా ఆడుతూ ఆడుతూ ఉండగా

కరెంటు పోయింది.

ఆమె బ్యాటరీ చచ్చి రెండేళ్లట.
తెర నల్లబడింది.
సందు పొడుగునా జనరేటర్లు ఒక్కొక్కటే దగ్గి లేచాయి.
మాది లేవలేదు.

"ఇప్పుడందులో ఏం మిగిలింది?" చీకట్లో అడిగింది.
"ఏమీ లేదు."
"పదహారులోనా?"
"పదహారులోనూ. ఆ ఉరికేదాన్లో అయినా అంతే.
పెళ్లి డిస్కులో భద్రంగా ఉంది.
ఇందులో ఉండేది మనం చూస్తున్నంతసేపే."

కాసేపు మాట్లాడలేదు. గాజులు సర్దుకున్న చప్పుడు.
"అయితే ఇదే ఉంచు," అంది.
"ఎలాగూ మరిచిపోయేదే కదా,
నలుగురిని ఎక్కువ కూర్చోబెట్టుకుని మరిచిపోనీ."

తర్వాత ఐదువందలు తగ్గించమని అరగంట పోరింది.
మూడువందలు తగ్గించాను.
పన్నెండో మర కోసం జిమో డబ్బాలన్నీ గుమ్మరించి
పొడుగు సరిపోనిదొకటి పట్టుకొచ్చాడు. బిగించాం, కాస్త వంకరగా.

ఉరికే ముక్క మళ్లీ అద్దాల పెట్టెలోకి పోయింది.
నేను చూడనప్పుడు
వాడు దాన్ని ముందు వరసలోకి జరిపాడు.